తువ్వాలు కింద అయిదు

ఏప్రిల్ వచ్చిందంటే గుంటూరులో ఎవరి నోట విన్నా ఎండ సంగతీ, మిర్చి ధర సంగతీ. నాదీ నా స్నేహితుడిదీ వేరే గొడవ. అమెరికా ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్‌లో మొదటి రౌండులో ఎవరికి ఎవరు తగులుతారన్నది మా గొడవ. పాతికేళ్లకు పైగా, ఏటా, ఆ నెల మొదటి ఆదివారం పొద్దున్నే కూర్చుని ఎనిమిది జతలు చెప్పుకునేవాళ్లం. కప్పు ఎవరు గెలుస్తారన్నది మాకు పట్టేది కాదు. అది ఎవడైనా చెబుతాడు, తప్పయితే ఎవడికీ గుర్తుండదు కూడా. మొదటి రౌండు జతలు ముందుగా చెప్పడంలోనే మనిషి సత్తా తెలుస్తుందని నా స్నేహితుడు అనేవాడు. వాడి మాటలు సగం ఒప్పుకునేవాణ్ణి కాదు గానీ ఈ ఒక్కటీ ఒప్పుకున్నాను.

మా ఆవిడ వినీ వినీ విసిగిపోయింది. "ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది మీ వరస. ఇంకా ఆటలే అవలేదు, అప్పుడే జతలు కలుపుతున్నారా? పెళ్లిళ్ల పేరయ్యలు కూడా ఇంత తొందరపడరు" అనేది.

తెలియనివాళ్లకు రెండు ముక్కల్లో చెబుతాను. అక్కడ జట్లు తూర్పు, పడమర అని రెండు గుంపులు. ఆటలన్నీ అయ్యాక ఒక్కో గుంపులో ఎనిమిది జట్లు మిగులుతాయి. ఒకటో స్థానం వాడికి ఎనిమిదోవాడు తగులుతాడు, రెండోవాడికి ఏడు, మూడుకి ఆరు, నాలుగుకి అయిదు. ఏ జత కూడినా తొమ్మిది. చూడ్డానికి ఒకటో తరగతి లెక్క. చిక్కల్లా ఎవరు ఏ స్థానంలో తేలతారన్నది ఏప్రిల్ మధ్యలో ఆఖరి ఆట అయ్యేదాకా తెలియకపోవడం. ఏడు, ఎనిమిది స్థానాలకైతే ఆ తర్వాత ఇంకో నాలుగు రోజులు విడిగా కొట్లాట ఉంటుంది. ఒక్క ఆట అటూ ఇటూ అయితే మూడు జతలు తారుమారవుతాయి. మేం అదంతా తేలకముందే చెప్పాలి. ఓడినవాడు గెలిచినవాడికి బ్రాడీపేటలో నెయ్యి, కారప్పొడి వేసిన ఇడ్లీ తినిపించాలి. అదీ పందెం.

నేను బ్రాడీపేటలోనే ఒక కోచింగ్ సెంటర్లో లెక్కలు చెబుతాను. వాడు మిర్చి యార్డు దగ్గర ఒక కమీషన్ కొట్లో గుమాస్తా. వాడిది అద్దంకి దగ్గర పల్లెటూరు, తల్లిదండ్రులు పొలం పనికి పోయేవాళ్లు. మిషన్ హాస్టల్లో ఉండి గుంటూరులో చదువుకున్నాడు. కాలేజీ జట్టులో వాడు ఆడేవాడు, నేను బెంచీ మీద కూర్చుని స్కోరు రాసేవాణ్ణి. నాకు ఆట రాదు. జట్టుతో పాటు ఊళ్లు తిరగొచ్చని చేరాను. వాడు బంతి వదిలాక చెయ్యి దించేవాడు కాదు, అది రింగు దగ్గరికి వెళ్లేదాకా అలాగే గాలిలో ఉంచి చూసేవాడు. పడకపోతే "ఛ, తాలు" అనేవాడు. తాలంటే రంగు చచ్చి, పస లేని మిరపకాయ. మనుషుల్ని, సినిమాల్ని, నేను చేసిన ఉపన్యాసాల్ని కూడా వాడు ఆ ఒక్క మాటతోనే కొట్టిపారేసేవాడు.

ఉద్యోగం చేస్తూ చేస్తూ సొంత ఊళ్లో రెండెకరాలు కొన్నాడు. పొలం చివర మిరపకాయలు ఎండబెట్టే కల్లానికి సిమెంటు చేయించాడు. ఆ కల్లం పక్కన ఇనప స్తంభం పాతించి, చెక్క పలక కొట్టించి, దానికి రింగు పెట్టించాడు. ఊరివాళ్లు మైకు కడతాడేమో అనుకున్నారట. జనవరి నుంచి మార్చి దాకా కల్లం నిండా ఎర్రగా కాయలే, బంతి ముట్టుకోవడానికి లేదు. ఏప్రిల్లో ఆఖరి కోత కాయ యార్డుకి పోయాక కల్లం ఊడ్చి, కడిగి, సున్నంతో గీతలు గీసేవాడు. ఏడాదిలో ఆ కాస్త కాలమే అది కోర్టు. ఎండ దిగాక వాడొక్కడే బంతి వేసుకుంటుంటే, నేను వెళ్లినప్పుడు గట్టు మీద కూర్చుని స్కోరు రాసేవాణ్ణి. ఎంత కడిగినా ఆ నేల ఘాటు పోదు. బంతి నేలకు కొట్టినప్పుడల్లా నాకు తుమ్ములొచ్చేవి.

"ఇక్కడ తుమ్మకుండా ఆడినోడే మొగోడు" అనేవాడు.

మిగతా ఏడాదంతా గుంటూరులో అద్దె ఇంట్లో ఉన్నా వాడి ఇల్లు మాత్రం అదే. గదులున్న చోటు కాదు, ఆ ఖాళీ చేసిన కల్లం. ఈ సంగతి నాకు బాగా తెలుసు. తెలియదని చెప్పుకునే వీలు నాకు లేదు.

ఇక తువ్వాలు సంగతి. యార్డులో ఇప్పుడు కంప్యూటర్లు వచ్చాయి గానీ వాడు పనిలో చేరిన రోజుల్లో ధర నోటితో చెప్పేవాళ్లు కాదు. కొనేవాడూ అమ్మించేవాడూ చేతులు కలిపి, పైన తువ్వాలు కప్పి, లోపల వేళ్లు పట్టుకుని బేరమాడుకునేవాళ్లు. ఒక వేలు పట్టుకుంటే ఒకటి, రెండు పట్టుకుంటే రెండు. వేళ్లన్నీ కలిపి పట్టుకుంటే అయిదు. అయిదు పట్టి వదిలి మళ్లీ ఒకటి పడితే ఆరు. చుట్టూ పదిమంది నిలబడి చూసినా ఎవరికీ ఏమీ తెలియదు. వాడు ఈ విద్యలో ఆరితేరాడు. కంప్యూటర్లొచ్చాక కూడా వాడి భుజం మీది తువ్వాలు దిగలేదు.

"పైన ఎన్ని అబద్ధాలన్నా ఆడొచ్చురా," అని ఒకసారి నాకు చెప్పాడు. "కాయ తడిసిందంటాం, రంగు లేదంటాం, ఒట్లు పెట్టి గట్టున పెడతాం. తువ్వాలు కింద మాత్రం అబద్ధం ఉండదు. యేలు పట్టుకున్నావా, అయిపోయింది. అది తప్పినోడితో యార్డులో ఎవడూ మళ్లీ చెయ్యి కలపడు."

ఆ తువ్వాలు మా పందెంలోకి రావడానికి కారణం నేనే. ఒక ఏడాది వాడు చెప్పిన జతలు విని, నావి చల్లగా మార్చుకున్నాను. వాడు కనిపెట్టేశాడు. "పంతులు కొడుకువి, కాపీ కొడతావేందిరా?" అని వీధిలో పదిమందీ వినేట్టు అరిచాడు. మా నాన్న బడిపంతులన్న మాట నిజమే గానీ, అది అంత గట్టిగా చెప్పాల్సిన సంగతి కాదు. ఆ మరుసటి ఏడాది నుంచి తువ్వాలు కప్పి చెప్పుకోవడం మొదలుపెట్టాం. జట్టు పేరు పైకి అంటాం. అది ఎన్నో స్థానంలో తేలుతుందో ఒకరి చేతిలో ఒకరం ఒకేసారి వేళ్లు పట్టి చెబుతాం. పట్టాక మార్చడానికి లేదు. తర్వాత కాగితం మీద రాసుకుంటాం.

నా పద్ధతి లెక్క. మిగిలిన ఆటలెన్ని, ఎవరితో, సొంత ఊళ్లోనా బయటా, గాయాలెవరికి, సమానంగా నిలిస్తే ఎవరిది పైచెయ్యి అని నోటుబుక్కు నింపేవాణ్ణి. వాడు ఫోనులో నాలుగు ఆటలు చూసి చెప్పేసేవాడు. ఏడాదికేడాది వాడే గెలిచేవాడు. ఇడ్లీలు తినిపించీ తినిపించీ నాకు ఆ హోటల్ సర్వర్ల ముందు తలవంపులయ్యేది.

వాడి గుట్టు నాకు ఒక ఏప్రిల్లో తెలిసింది. పడమరలో అయిదో స్థానంలో ఉన్న జట్టు ఆరుకి దిగుతుందని వాడు పట్టాడు. అది దిగడానికి వీల్లేదు, మిగిలిన ఆటలన్నీ బలహీనులతోనే. నేను నవ్వాను. ఆఖరి రెండు ఆటల్లో ఆ జట్టువాళ్లు మంచి ఆటగాళ్లను కూర్చోబెట్టి ఓడిపోయారు. నాలుగోవాడు వాళ్లకు కొరకరాని కొయ్య, మూడోవాడు తేలిక. అందుకని కావాలనే దిగారు.

"నువ్వు అందరూ గెలవాలనే చూస్తారనుకుంటావు. అదే నీ తప్పు," అన్నాడు ఇడ్లీ తుంచుతూ. "ఎవుడితో ఆడాలో వాళ్లు ఎంచుకుంటారురా. ఓడిపోయినా సరే, తనకు కావాల్సినోడి చేతిలో ఓడిపోవాలనుకుంటాడు మనిషి."

అప్పట్లో అది బాస్కెట్‌బాల్ మాటగానే విన్నాను.

రెండేళ్ల కిందట వాడి గొంతు బొంగురుపోయింది. మిర్చి ఘాటన్నాడు. యార్డులో అందరి గొంతులూ అంతే కదా అని నేనూ వదిలేశాను. నాలుగు నెలలు అలా లాగాడు. చివరికి గుంటూరులో ఆసుపత్రిలో చూపిస్తే కేన్సరన్నారు. ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేశారు. మెడ కింద చిన్న రంధ్రం, అందులోంచి ఊపిరి. మాట పోయింది. వీధి చివరికి వినిపించేట్టు అరిచే మనిషి, ఆసుపత్రి మంచం మీద కూర్చుని నన్ను చూసి పెదాలు కదిపాడు, చప్పుడు రాలేదు. ఏమన్నాడో నాకు తెలుసు. "తాలు" అన్నాడు.

వాళ్లావిడ చర్చి బడిలో టీచరు. పిల్లలు లేరు. బడి నుంచి ఒక నోటుబుక్కు తెచ్చి ఇచ్చింది. ఆమెతో ఏం చెప్పాలన్నా అందులో రాసేవాడు. నాతో రాయడం వాడికి ఇష్టం ఉండేది కాదు. రాసింది ఎవరైనా చదువుతారు, నర్సు చదువుతుంది, పరామర్శకి వచ్చినవాళ్లు తలలు వంచి చదువుతారు. అందుకని తువ్వాలు తీసేవాడు. అంకెలతో ఎంత చెప్పొచ్చో అప్పుడే తెలిసింది నాకు. నొప్పి ఎంత అంటే మూడు. నిన్న ఎన్ని గంటలు నిద్రపోయావంటే రెండు. వచ్చిన చుట్టాలు ఎప్పుడు పోతారని నేను పైకి అడక్కుండా కనుబొమలెగరేస్తే, వాడు నా చేతిలో తొమ్మిది పట్టి, కళ్లతో నవ్వేవాడు. ఆ ఏప్రిల్లో జతలు చెప్పుకున్నాం. వాడే గెలిచాడు. ఇడ్లీ మెత్తగా పిసికి, నెయ్యి ఎక్కువ వేయించి ఇంటికే పట్టుకెళ్లాను.

మొన్న మార్చి చివర్లో మళ్లీ దగ్గు మొదలైంది. ఏవో పరీక్షలు చేశారు. ఫలితాలు చెప్పడానికి డాక్టరు నన్నొక్కణ్ణే లోపలికి పిలిచాడు. తోడు వచ్చినవాళ్లు సంతకం చేసే చోట మొదటినుంచీ నేనే చేశాను, అందుకని. మన దగ్గర ఇలాంటివి జబ్బు మనిషికి చెప్పరు, ఇంటి ఆడవాళ్లకి చెప్పరు. పక్కనున్న మగవాడికి చెప్పి చేతులు దులుపుకుంటారు. డాక్టరు మంచివాడే. నెమ్మదిగా, ఏదీ దాచకుండా చెప్పాడు.

"ఊపిరితిత్తులకు పాకిందండి. ఒక నెల, మహా అయితే నెలన్నర. మందు ఎక్కించొచ్చు గానీ ఈ దశలో దానివల్ల ఒరిగేది తక్కువ, బాధ ఎక్కువ. ఇంటికి తీసుకెళ్లి, నొప్పి తెలియకుండా మందులు వాడుకుంటూ చూసుకున్నా తప్పు లేదు. వాళ్లతో మాట్లాడి మీరే ఒక మాట చెప్పండి."

బయటికొచ్చి వాళ్లావిడతో, "కొంచెం పాకిందటమ్మా. మందు ఎక్కించి చూద్దామంటున్నారు" అన్నాను. ఆమె దేవుడి పేరు తలుచుకుంది. మెట్లు దిగుతుంటే నాకు అందరి మీదా కోపం వచ్చింది. లిఫ్టు దగ్గర నవ్వుతున్న వాళ్లమీద, ఆటో కోసం బేరమాడుతున్న వాళ్లమీద, నాలుగు నెలలు ఘాటని చెప్పి తిరిగిన వాడి మీద. నమ్మి ఊరుకున్న నా మీద లేదా అంటే, అది ఇప్పటికీ ఉంది.

ఏప్రిల్ మొదటి ఆదివారం పొద్దున ఎప్పట్లాగే వాళ్లింటికి వెళ్లాను. వాళ్లావిడ చర్చికి వెళ్లింది. వాడు గోడకి దిండు పెట్టుకుని కూర్చున్నాడు. స్టూలు మీద ఫోను నిలబెట్టి ఉంది, అందులో పసుపు జెర్సీల జట్టు ఆట నడుస్తోంది. బాగా చిక్కిపోయాడు, వాచీ మోచేతి దాకా జారుతోంది. నన్ను చూసి తువ్వాలు తీశాడు.

తూర్పు నాలుగు జతలూ అయ్యాయి. పడమర మొదలుపెట్టాం. వాడి వేళ్లు ఎండిన కాయల్లా తేలికగా ఉన్నాయి గానీ పట్టు మాత్రం యార్డు పట్టే. ఒక్కో జట్టు పేరూ నేను అనడం, ఇద్దరం పట్టడం, రాయడం. పసుపు జెర్సీల జట్టుకి నేను ఏడు పట్టాను, వాడు అయిదు పట్టాడు. గొణిగాను. వాడు భుజాలెగరేశాడు. ఎనిమిది జతలూ పూర్తయ్యాయి. నేను చెయ్యి తీసుకోబోతే వాడు వదల్లేదు.

ఎడమ చేత్తో నా నోటుబుక్కు లాక్కుని, వెనక పేజీలో రాశాడు. ఎడమ చేతి రాత కావడంతో అక్షరాలు పెద్దవిగా వచ్చాయి.

"డాక్టరు ఎన్ని నెలలన్నాడు? ఒకటి రెండయితే మందు వద్దు, కల్లానికి పోతా. నాలుగు అయిదయితే ఎక్కించుకుంటా. నోటితో చెప్పమాక. ఇక్కడ చెప్పు."

ఆ పేజీ చింపి, నలిపి, మెడ రంధ్రం తుడిచిన గుడ్డలుండే చెత్తబుట్టలో వేశాడు. నా వైపు చూడకుండా ఫోను వైపు తిరిగాడు. బేరం జరిగేటప్పుడు ఎదుటివాడి మొహం చూడకూడదు, అదీ యార్డు పద్ధతే. వాడి చెయ్యి తువ్వాలు కింద తెరుచుకుని నా చేతిలో ఉంది.

వాడు నన్నేం అడిగాడో నాకు అక్షరం అక్షరం అర్థమైంది. ఏది చెబితే ఏం జరుగుతుందో కూడా రాసి మరీ అడిగాడు. ఒక్క వేలు పట్టుకుంటే చాలు. ఆ సాయంత్రమే కారు మాట్లాడి ఊరికి తీసుకెళ్లేవాణ్ణి. కాయంతా యార్డుకి చేరింది, కల్లం ఖాళీగా ఉంది. నేనే సున్నంతో గీతలు గీసేవాణ్ణి. వాడు నులకమంచం మీద పడుకుని రింగు వైపు చూస్తూ ఉండేవాడు.

నేను వాడి వేళ్లన్నీ కలిపి పట్టుకున్నాను. అయిదు.

ఎందుకు పట్టుకున్నానో ఇప్పటికి ఎన్నిసార్లు అడుక్కున్నానో లెక్కలేదు. ధైర్యం చెప్పాలని కాదు. వాడి మేలు కోరీ కాదు. ఒకటి అని నా చేత్తో నేనే చెబితే అది నిజమైపోతుందని భయపడ్డాను. వాడు లేని ఏప్రిల్ నాకు వద్దు. అంతే, ఇందులో గొప్ప సంగతేమీ లేదు. పాతికేళ్లుగా ప్రతి పిల్లవాడికీ లెక్క తప్పు చేస్తే చివాట్లు పెట్టినవాణ్ణి, ఒకటిని అయిదు చేశాను.

వాడు వెంటనే నమ్మాడు. మొహంలో బిగువు వదిలింది. రెండోసారి అడగలేదు, నా కళ్లలోకి చూసి వెతకలేదు. తువ్వాలు కింద చెప్పిన మాటను మళ్లీ అడగడం ఎదుటివాణ్ణి అవమానించడమే. నోటుబుక్కు తీసుకుని రాశాడు: "సరే. మందు ఎక్కించుకుంటా. జూన్లో ఫైనల్స్ కల్లంలో చూద్దాం. ఫోన్ చార్జింగు వైరు పొడుగుది కొను."

కొన్నాను. ఇంకా కవరు కూడా విప్పలేదు.

సోమవారం ఆసుపత్రిలో చేర్చాం. మొదటి మందుకే ఒళ్లు హూనమైంది. నోరంతా పుళ్లు, నీళ్లు కూడా దిగలేదు. మెడ రంధ్రంలోంచి దగ్గు వచ్చినప్పుడు మంచం కదిలేది. వాళ్లావిడ మంచం పక్కన ప్రార్థన చేసుకుంటూ కూర్చునేది. కిటికీ తెరిస్తే ఎదురుగా ఇంకో భవనం గోడ, దానికి ఏసీ మిషన్లు. గాలన్నది లేదు. అయినా వాడు గట్టిగానే నిలబడ్డాడు, అయిదు నెలలున్న మనిషి పది రోజులు బాధ పడగలడు కదా. ఆ ఓర్పు చూస్తుంటే నాకు ఆ గదిలో నిలబడబుద్ధయ్యేది కాదు. పొద్దున్నే వెళ్లి ముందురోజు ఆటల సంగతి చెప్పేవాణ్ణి. ఎవరు ఏ స్థానానికి ఎక్కారు, ఎవరు దిగారు. వాడు వేళ్లతో జవాబు చెప్పేవాడు.

రెండో మందు ఎక్కించాల్సిన రోజు పొద్దున వాడు ఫోను చూడలేదు. తువ్వాలు నా చేతి మీద వేసి, నా వేళ్లన్నీ కలిపి పట్టుకుని, నా మొహం చూశాడు. తువ్వాలు కింద బేరం మధ్యలో అలా చూడడం అదే మొదటిసారి. అయిదేనా అని అడుగుతున్నాడు. అవమానమని తెలిసీ అడిగాడంటే ఎంత బాధలో ఉన్నాడో అర్థం చేసుకోవాలి.

దేవుడున్నాడో లేడో గానీ, తప్పు దిద్దుకోవడానికి నాకు ఇంకో అవకాశం వచ్చింది. అప్పటికి ఇంకా కల్లానికి తీసుకెళ్లొచ్చు. మూడు గంటల దారి కూడా కాదు. కానీ ఇప్పుడు ఒకటి అంటే మొదటిసారి అబద్ధం చెప్పానని ఒప్పుకున్నట్టే. నేను మళ్లీ అయిదు పట్టాను. మొదటిది భయంతో చెప్పాను, రెండోది సిగ్గుతో చెప్పాను. రెండోదే పెద్ద తప్పు.

వాడు తలాడించి, సూదికి చెయ్యి చాపాడు.

ఆ వారమే జ్వరం వచ్చింది. రక్తంలో ఇన్ఫెక్షన్ అన్నారు. డాక్టరు చెప్పిన నెల కూడా పట్టలేదు. శుక్రవారం పొద్దున, వాళ్లావిడ మొహం కడుక్కోవడానికి వెళ్లినప్పుడు, ఏసీ మిషన్ల గోడ వైపు తిరిగి ప్రాణం వదిలాడు. పడమర ఎనిమిదో స్థానం ఎవరిదో తేలడానికి ఇంకో ఆట మిగిలి ఉంది.

శనివారం ఊరికి తీసుకెళ్లాం. వాడు కోరిన చోటికే, అంబులెన్సులో. చిలకలూరిపేట దాటాక ఫోను చూశాను. చూడకుండా ఉండాల్సింది, చూశాను. ఆఖరి జత తేలింది. ఎనిమిదిట్లో వాడు ఆరు సరిగ్గా చెప్పాడు, నేను నాలుగు. పసుపు జెర్సీల జట్టు అయిదో స్థానంలోనే నిలిచింది.

శ్మశానానికి వెళ్లే దారిలోనే పొలం. కల్లం ఊడ్చి ఉంది, గీతలు లేవు. ఒక మూల తాలుకాయలు చిన్న కుప్పగా మిగిలాయి. పాస్టరు గారు అక్కడ కాసేపు ఆపి పాట పాడించారు. రింగు కింద నిలబడి నేను తుమ్మాను, వరసగా నాలుగుసార్లు. జనం ఏడుస్తున్నాననుకుని నా భుజం పట్టుకున్నారు. నాకు ఏడుపు రాలేదు, ఇప్పటిదాకా రాలేదు.

ఆ తర్వాత వారం గుంటూరు ఇంట్లో ఓదార్పు ప్రార్థనలకి ఆదరణ కూటం పెట్టారు. ప్రార్థనలయ్యాక అందరూ భోజనాలకు లేచారు. వాళ్లావిడ నన్ను పక్క గదిలోకి పిలిచింది. చేతిలో బడి నుంచి తెచ్చిన ఆ నోటుబుక్కు ఉంది.

"అన్నయ్యా, ఇదొక్కటి నాకు అర్థం కాలేదండి," అంది. "ఆ ఆదివారం నేను చర్చి నుంచి వచ్చాక, డాక్టరు గారు ఏమన్నారో అన్నయ్య చెప్పారా అని అడిగాను. ఆయన ఇది రాశారు. రాసి నవ్వారు. అన్ని రోజుల తర్వాత నవ్వితే, మళ్లీ అడగబుద్ధి కాలేదు నాకు."

పేజీ తిప్పి చూపించింది. వాడి రాత.

"అయిదు. తువ్వాలు కింద చెప్పాడు. ఇంక అనుమానం లేదు."

"అయిదేంటండీ?" అని అడిగింది.

గోడకి వాడి వాచీ వేలాడుతోంది. బయట ఎవరో సాంబారు అడుగుతున్నారు. ఆమె నా జవాబు కోసం నోటుబుక్కు అలాగే పట్టుకుని నిలబడింది.

"మా బాస్కెట్‌బాల్ పిచ్చమ్మా," అన్నాను. "ఒక జట్టు అయిదో స్థానంలో తేలుతుందని ఇద్దరం అనుకున్నాం. దాని సంగతి."

"అంతేనా?" అని గట్టిగా ఊపిరి విడిచింది. కళ్లు తుడుచుకుంది. "నేను ఏదేదో అనుకున్నానండి. మరి ఆ జట్టు గెలిచిందా?"

ఆ జట్టు మొదటి రౌండులో అప్పటికే మూడు ఆటలు ఓడిపోయింది, ఇంకొక్కటి ఓడితే ఇంటికే.

"గెలుస్తోందమ్మా," అన్నాను.

ఆమె నోటుబుక్కు మూసి, బీరువాలోంచి ఉతికి మడత పెట్టిన తువ్వాలు తెచ్చింది. మీ ఇద్దరి మధ్యా ఉండేది కదా, ఇది మీ దగ్గరుంటేనే ఆయనకి తృప్తి అంది. రెండు చేతులతో ఇచ్చింది.

వద్దనాలంటే ఎందుకో చెప్పాలి. తీసుకున్నాను.